వెండి సొమ్ములు: కొనుట, కాపాడుట

తెలుగులో “సొమ్ము” అను మాటకు రెండర్థములు కలవు. డబ్బును సొమ్మందురు, ఒంటిమీది నగను కూడ సొమ్మనియే యందురు. ఈ రెండర్థములు ఒక్క మాటలో ఎందుకు కలిసినవో మన యిండ్లను చూచిన తెలియును. జవళగిరి, తళి, డెంకణికోట ప్రాంతములలో మెట్టపైరులు వాననే నమ్ముకొని యున్నవి. రాగులు బాగుగా పండిన యేట ఇంటి యిల్లాలు ఒక జత పట్టీలు కొనుక్కొనును. వాన తప్పిన యేట ఆ పట్టీలే విత్తనములకో, పిల్లవాని చదువునకో తాకట్టునకు పోవును. బంగారము కొనలేని యింట వెండియే బంగారము.

కావున మనవారికి వెండి కొనుట వేడుక మాత్రమే కాదు, అది కూడబెట్టుట. కూడబెట్టినది ఎంతయో తెలిసియుండవలెను గదా! “మీ పట్టీల బరువెంత?” అని అడిగినచో పలువురు వెంటనే చెప్పుదురు. “అందులో వెండి యెంత?” అని అడిగినచో చెప్పగలవారు అరుదు. విద్యార్థులారా! ఈ రెండవ ప్రశ్నకు జవాబు తెలిసికొనుటయే ఈ పాఠమునకు ముఖ్యోద్దేశము.

వెండి స్వభావము

వెండిని సంస్కృతమున రజతమనియు, రూప్యమనియు అందురు. రసాయన శాస్త్రములో దీని పరమాణు సంఖ్య 47. ఇది సుమారు 962 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమికి కరగును. ఉష్ణమును, విద్యుత్తును ప్రసరింపజేయుటలో లోహములన్నిటికంటెను ఇదియే మిన్న. పాయసము పోసిన వెండిగిన్నె అంచు వెంటనే కాలుటకు కారణ మిదియే. లోకమున దొరకు వెండిలో అధిక భాగము సీసము, జింకు, రాగి మొదలగు లోహముల ఖనిజములతో పాటు లభించుచున్నది.

శుద్ధమైన వెండి మిక్కిలి మెత్తనిది. దానితో మట్టెలు చేసినచో నేలకు తగిలి వంగిపోవును. పట్టీలు చేసినచో కొక్కెములు సాగిపోవును. అందువలన కంసాలి వెండిలో కొంచెము రాగి కలిపి గట్టిపరచును. ఇది మోసము కాదు. పనికి అవసరమైన కలయిక. ఎంత కలిపినది దాచిపెట్టి, శుద్ధమైన వెండి ధర తీసికొన్నప్పుడే అది మోసమగును.

925 అనగా నేమి?

వేయి పాళ్లలో ఎన్ని పాళ్లు శుద్ధమైన వెండి కలదో తెలుపు అంకెను మేలిమి సంఖ్య యనవచ్చును. 999 అనగా దాదాపు శుద్ధమైన వెండి. 925 అనగా వేయి పాళ్లలో 925 పాళ్లు వెండి, తక్కిన 75 పాళ్లు సాధారణముగా రాగి. ఈ 925 మేలిమి గల వెండికే “స్టెర్లింగ్ వెండి” యని పేరు. ఇంగ్లండులో 12వ శతాబ్దము నుండి వెండి నాణెములకు ఈ ప్రమాణము ప్రసిద్ధమైనది. 1300లో మొదటి ఎడ్వర్డు రాజు కాలమున, ఇంతకు తక్కువైన వెండి వస్తువులు అమ్మరాదనియు, పరీక్షించిన వస్తువుపై చిరుతపులి తల ముద్ర వేయవలెననియు శాసనము చేసిరి. 1478 నుండి లండను నగరమున స్వర్ణకారుల హాలునకు వస్తువులను తెచ్చి ముద్ర వేయించుకొనుట ఏర్పడెను. “హాల్‌మార్కు” అను మాట ఆ హాలు పేరిట వచ్చినదే.

ఇట్టి జాగ్రత్త మన దేశమునకు క్రొత్త గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణములో లోహపు పనియందు జరుగు మోసములను గూర్చి చెప్పబడియున్నది. త్రాసులో చేయు మోసము, లోపల సీసమునుంచి పైన మేలిరేకు కప్పుట మొదలగునవి అందు పేర్కొనబడినవి. పరీక్ష యనునది కంసాలిని అవమానించుట కాదు. నిజాయితీగల కంసాలికి అది రక్షణ.

మన రూపాయి చెప్పు పాఠము

రూపాయి యను పేరు “రూప్య” శబ్దము నుండి వచ్చినది. 1835లో ఈస్టిండియా కంపెనీవారు తమ రాజ్యమంతటికి ఒకే విధమైన రూపాయిని ఏర్పరచిరి. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా ఒక తులము, లేక సుమారు 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. అనగా దాని మేలిమి సుమారు 917. స్టెర్లింగు వెండికి కొంచెమే తక్కువ. రూపాయికి సుమారు 10.69 గ్రాముల శుద్ధమైన వెండి యుండెడిది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున వెండికి కరవు వచ్చెను. 1940లో రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించిరి. తక్కిన సగము రాగి, నికెలు, జింకు. 1947లో వెండి పూర్తిగా పోయి రూపాయి నికెలుతో తయారయ్యెను. “మా అవ్వ రూపాయలు కరిగించి కడియములు చేయించినది” అని చెప్పుకొను కుటుంబములు గలవు. ఆ రూపాయలు 1940కి ముందువా, తరువాతివా యనుటను బట్టి ఆ కడియముల మేలిమి దాదాపు సగము మారిపోవును. పేరు ఒక్కటే, బరువు ఒక్కటే, చూపునకు రెండును తెల్లనివే; లోపలి వెండి మాత్రము వేరు. ఈ పాఠమునే నగల విషయమునను గుర్తుంచుకొనవలెను.

పట్టీలో వెండి యెంత?

కాళ్ల పట్టీలకు సేలం పట్టణము పేరు పొందినది. అచట సెవ్వాయిపేట మొదలగు ప్రాంతములలో వెండిపని జీవనాధారము. 1965 వరకు మన ప్రాంతము కూడ సేలం జిల్లాలోనిదే. మన పెద్దలకు సేలం పట్టీలు బాగుగా తెలిసినవే.

పట్టీలో చిన్న చిన్న కడియలు, మువ్వలు, పూలు ఎన్నియో యుండును. ప్రతి యొక్కటియు అతుకవలసినదే. అతుకు వేయు లోహము నగకంటె ముందే కరగవలెను. లేనియెడల నగయే కరగిపోవును. అందుకొరకు అతుకు లోహమున రాగి, జింకు ఎక్కువ కలుపుదురు. అతుకులెన్ని యెక్కువైన నగ మొత్తము మేలిమి అంత తగ్గును. కావున సాదా కడియముకంటె మువ్వల పట్టీని గూర్చి ఎక్కువ విచారించి తెలిసికొనవలెను.

లెక్క యిట్లు చేయవలెను: నగ బరువును మేలిమి సంఖ్యతో గుణించి 1,000తో భాగించిన శుద్ధమైన వెండి బరువు వచ్చును. 120 గ్రాముల పట్టీల జతను తీసికొందము. మేలిమి 925 అయిన అందులో 111 గ్రాముల వెండి. 800 అయిన 96 గ్రాములు. 600 అయిన 72 గ్రాములు మాత్రమే.

లెక్క కొరకు శుద్ధమైన వెండి గ్రాము 100 రూపాయలనుకొనుడు. కొన్నవారు మేలిమి అడుగక 120 గ్రాములకును శుద్ధమైన వెండి ధర కట్టి 12,000 రూపాయలు, పైన కూలి యిచ్చిరి. మేలిమి 600 అయినచో వారికి దక్కినది 7,200 రూపాయల వెండి. తక్కిన 4,800 రూపాయలు రాగికి, జింకుకు పోయినవి. ఈ నష్టము కొన్ననాడు తెలియదు. నగ తళతళలాడుచునే యుండును. కష్టము వచ్చి అమ్మబోయిననాడు, కరిగించి చూచిన పిదప తెలియును. అనగా డబ్బు మిక్కిలి అవసరమైన దినముననే నష్టము బయటపడును.

తాకట్టు విషయమునను ఇంతే. వెండి, బంగారు నగలపై ఋణములను గూర్చి భారతీయ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో నియమములు ప్రకటించినది. 2026 ఏప్రిల్ 1 లోపల అవి అమలునకు రావలెనని నిర్ణయించినది. వాని ప్రకారము నగ విలువను అందలి లోహపు అసలు మేలిమిని బట్టి కట్టవలెను. రాళ్ల విలువ చేర్చరాదు. పరీక్ష చేయునపుడు ఋణము తీసికొనువారు ఎదుట నుండవలెను. కూలి కిచ్చిన డబ్బు, రాళ్లకిచ్చిన డబ్బు తాకట్టునాడు లెక్కకు రావు.

కొనునపుడు చూడవలసినవి

మొదటిది ముద్ర. 925 అని నగపై కొట్టియుండుట ఒక్కటే చాలదు. ఆ అంకెను ఎవరైనను కొట్టవచ్చును. అది అమ్మువాని మాట మాత్రమే. భారతీయ ప్రమాణముల సంస్థ వెండికి హాల్‌మార్కు పద్ధతిని 2005లో ప్రారంభించినది. 2025 సెప్టెంబరు 1 నుండి వెండి నగలకు కూడ ఆరు గుర్తులుగల ప్రత్యేక సంఖ్యను ముద్రించు పద్ధతి వచ్చినది. సంస్థ గుర్తు, మేలిమి సంఖ్య, ఈ ప్రత్యేక సంఖ్య నగపై యుండును. ఆ సంఖ్యను చేతిఫోనులోని “బి.ఐ.ఎస్. కేర్” యాప్‌లో వ్రాసి సరిచూచుకొనవచ్చును. అయితే బంగారమునకు 2021 నుండి క్రమముగా తప్పనిసరియైన ఈ ముద్ర, వెండికి ఆ 2025 ఏర్పాటులో ఐచ్ఛికముగానే యుంచబడినది. అందువలన ముద్ర గల నగ కావలెనని కొనువారే అడుగవలెను.

రెండవది బరువు. రాళ్లు, లక్క, పూసలు ఉన్న నగకు మొత్తము బరువు వేరు, వెండి బరువు వేరు. రెండును వేరువేరుగా వ్రాయించుకొనవలెను.

మూడవది ధర. వెండి ధర, తరుగు, కూలి, పన్ను అను నాలుగింటిని విడదీసి చెప్పుమని యడుగవలెను. ఒక దుకాణమున కూలి తక్కువయని సంతోషించి, మేలిమి తక్కువైన నగ కొనుట తెలివిగాదు.

నాలుగవది మరల అమ్ముట. “ఈ నగను మీకే తిరిగి యిచ్చిన ఏ మేలిమికి లెక్కకట్టి తీసికొందురు?” అని కొనకముందే యడుగుడు. అంగడివాడు చెప్పు జవాబును బట్టి నగలోని నిజమైన వెండి చాలవరకు తెలిసిపోవును. ఈ ఒక్క ప్రశ్న అడుగుటకు మొగమాటపడరాదు.

ఐదవది రశీదు. తెల్లకాగితముపై వ్రాసిన అంచనా చీటీ రశీదు కాదు. బరువు, మేలిమి, ధర, కూలి, పన్ను వేరువేరుగా వ్రాసిన రశీదు ఉండవలెను. మన సరిహద్దు ప్రాంతమున రశీదు తమిళములో నుండవచ్చును, ఆంగ్లములో నుండవచ్చును, ఆనేకల్లు వైపు కొన్న కన్నడములో నుండవచ్చును. మన తల్లులలో ఈ లిపులు చదువరానివారు పెక్కురు గలరు. తెలుగు బడిలో చదువు పిల్లలు ఇతర భాషలను కూడ నేర్చుకొనుచున్నారు. ఆ రశీదును చదివి, అందలి ప్రతి పంక్తిని తల్లికి తెలుగులో విడమరచి చెప్పుట మీ పని. చదువు ఇంటికి వచ్చినదనుటకు ఇంతకంటె మంచి గురుతు లేదు.

ఇంకొక మాట. “జర్మన్ సిల్వర్” అను దానిలో వెండి ఏమాత్రము లేదు. అది రాగి, నికెలు, జింకుల మిశ్రమము. పూజాసామగ్రికి, బొమ్మలకు దానిని వాడవచ్చును గాని, వెండి యని కొనరాదు. నికెలు కొందరి చర్మమునకు పడదు. దురద, పొక్కులు వచ్చును.

బడిలో చేయదగిన పరీక్ష

కంసాలులు గీటురాయిపై నగను గీసి, ఆమ్లము వేసి రంగు చూతురు. ఆ ఆమ్లము ప్రమాదకరమైనది, పిల్లలు ముట్టరాదు. బడిలో ఆర్కిమెడీస్ సూత్రముతో వేరొక పరీక్ష చేయవచ్చును. శుద్ధమైన వెండి సాంద్రత సుమారు 10.5, స్టెర్లింగు వెండిది సుమారు 10.4. కొలజాడీలో నీరు పోసి మట్టము వ్రాసికొనుడు. 104 గ్రాముల గట్టి స్టెర్లింగు కడియమును దారముతో కట్టి ముంచిన నీరు సుమారు 10 మిల్లీలీటర్లు పైకి లేచును. అంతే బరువుగల జర్మన్ సిల్వర్ కడియమైన సుమారు 12 మిల్లీలీటర్లు లేచును.

ఈ పరీక్షకు హద్దు గలదు. వెండి కాని దానిని ఇది పట్టియిచ్చును గాని, 925కును 800కును గల భేదమును బడిలోని కొలజాడీ తేటగా చూపలేదు. లోపల డొల్లయైన నగలకు, లక్క నింపినవానికి ఇది పనికిరాదు. అయస్కాంతము విషయమును అంతే: అది అంటుకొన్న లోపల ఇనుము వంటి వేరొక లోహము గలదని తెలియును, అంటుకొననంత మాత్రమున వెండి యని చెప్పరాదు. రాగి, ఇత్తడి, సీసము కూడ అయస్కాంతమునకు అంటవు.

వెండి యెందుకు నల్లబడును?

నల్లబడిన నగను చూచి కొందరు “ఇది నకిలీ” యందురు. మరికొందరు “ఒంటిలో వేడి ఎక్కువైనది” యందురు. రెండును సరికావు. గాలిలోను, చెమటలోను, ఆహారములోను ఉండు గంధకపు సమ్మేళనములతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడు అను నల్లని పొర యేర్పడును. శుద్ధమైన వెండియు నల్లబడును. రాగి కలిసిన వెండి మరికొంత త్వరగా నల్లబడును. ఎన్నటికిని నల్లబడని నగ కనబడినచో దానికి వేరొక లోహపు పూత గలదో, అది వెండియే కాదో విచారింపవలెను. తళుకు మేలిమికి సాక్ష్యము కాదు.

కోడిగ్రుడ్లు, ఉల్లిపాయలు, రబ్బరు, ఉన్నిబట్టలు, పొగ వెండిని నల్లబరచును. హోసూరు ప్రాంతమున గులాబీ తోటలు విరివిగా గలవు. గులాబీకి వచ్చు బూడిద తెగులునకు గంధకపు మందు చల్లుదురు. ఆ తోటలలో పనిచేయు స్త్రీల పట్టీలు, గాజులు త్వరగా నల్లబడిన ఆశ్చర్యపడనక్కరలేదు. పట్టుపురుగుల గదులను శుభ్రపరచుటకు వాడు బ్లీచింగ్ పౌడరు కూడ వెండికి శత్రువే. ఇట్టి పనులకు పోవునపుడు నగలు తీసి యింటనుంచుట మేలు.

శుభ్రపరచుట, దాచుట

నిత్యము ధరించు నగను వారమున కొకసారి గోరువెచ్చని నీటిలో కుంకుడు నురుగుతో గాని మెత్తని సబ్బుతో గాని మెత్తని కుంచెతో కడిగి, మంచినీట జాడించి, నూలుబట్టతో పూర్తిగా తుడిచిన చాలును. ఇసుక, ఇటుకపొడి, పొయ్యి బూడిద, పండ్లపొడి వాడరాదు. అవి నల్లదనముతో పాటు వెండిని కూడ గీకివేయును. మెత్తని విభూతితో తుడుచుట మన యిండ్లలోని పాత పద్ధతి. అది మేలే గాని, గట్టిగా రుద్దరాదు. చింతపండు రాగి, ఇత్తడి పాత్రలకు తగినది; వెండి నలుపునకు అది తగిన మందు కాదు.

నలుపు ఎక్కువైనచో ఒక గాజు లేక పింగాణి పాత్రలో అల్యూమినియం రేకు పరచి, నగను రేకునకు తగులునట్లుంచి, ఒక పెద్ద చెంచాడు వంటసోడా చల్లి, వేడినీరు పోయవలెను. కొన్ని నిమిషములలో నలుపు విడిచిపోవును. ఇచట అల్యూమినియము వెండి నుండి గంధకమును తాను తీసికొని, వెండిని వెండిగానే విడిచిపెట్టును. కావున రుద్దుటవలె ఇందు వెండి అరుగదు. కొంచెము కుళ్లిన గ్రుడ్డు వాసన రావచ్చును. కిటికీ తెరచి, పెద్దల యెదుట చేయవలెను. ముత్యములు, రాళ్లు, లక్క గల నగలకును, అందము కొరకు కావలెననియే నలుపు పెట్టిన నగలకును ఈ పద్ధతి పనికిరాదు.

మెరుగు పెట్టుటకు దుకాణమున కిచ్చునపుడు ఇచ్చుటకు ముందు ఒకసారి, తీసికొన్న పిదప ఒకసారి తూచి వ్రాసికొనుడు. ఎంత కొంచెమైనను తరిగినది మన సొమ్మే.

దాచునపుడు నగ పూర్తిగా ఆరియుండవలెను. ఒక్కొక్క నగను వేరువేరుగా శుభ్రమైన నూలుబట్టలో చుట్టి, గాలి చొరని సంచిలోనో డబ్బాలోనో ఉంచవలెను. రబ్బరు బ్యాండు చుట్టరాదు. ఉన్నిబట్టల నడుమ నుంచరాదు. నగతో పాటు దాని రశీదును దాచుట మరువరాదు. రశీదు లేని నగ మేలిమిని మరల మొదటినుండి నిరూపింపవలసి వచ్చును.

వెండి కొనవద్దని ఈ పాఠము చెప్పుటలేదు. తల్లి కాలి పట్టీ ఒక యింటి కష్టార్జితము. దానిలో ఎంత వెండి గలదో కొన్ననాడే తెలిసికొన్నయెడల, అవసరము వచ్చిననాడు ఆ సొమ్ము నిజముగా సొమ్మగును.

అభ్యాసము

1. 80 గ్రాముల కడియము మేలిమి 925. అందులో శుద్ధమైన వెండి యెంత? మేలిమి 700 అయిన ఎంత తగ్గును?

2. 1835 నాటి ప్రమాణము గల 20 రూపాయలను కరిగించిన సుమారు ఎన్ని గ్రాముల శుద్ధమైన వెండి వచ్చును? అన్నియు 1940 తరువాతి సగము వెండి రూపాయలైన ఎంత వచ్చును?

3. మువ్వల పట్టీకంటె సాదా కడియము మేలిమి సాధారణముగా ఎక్కువ యుండుటకు కారణమేమి?

4. మీ యింటిలోని ఒక వెండి నగ బరువును, ముద్రను, రశీదులోని వివరములను పెద్దల యనుమతితో చూచి, పట్టికగా వ్రాసి, మీ యింటివారికి చదివి వినిపింపుడు.